రాయగడ జిల్లాలో పనులు ఎటు మళ్ళాయి?

ఒడిశా దక్షిణ సరిహద్దులో, పార్వతీపురం మన్యం జిల్లాను ఆనుకొని ఉన్న మా రాయగడ జిల్లా గురించి రెండు మాటలు తరచుగా వింటూ ఉంటాను. అడవి, పోడు తప్ప మరేమీ లేని వెనుకబడిన జిల్లా అన్నది మొదటి మాట. కాగితం, ఉక్కు తయారీలో వాడే ఫెర్రో క్రోమ్, అల్యూమినియానికి ముడిసరుకైన అల్యూమినా మూడూ తయారవుతున్న పారిశ్రామిక జిల్లా అన్నది రెండవ మాట. రెండింటికీ ఆధారాలు కనిపిస్తాయి. అయితే ఇక్కడి మనిషి ఏడాదిలో పన్నెండు నెలలూ ఏ పని చేసి, ఎవరి దగ్గర కూలి తీసుకొని బతుకుతున్నాడన్న ప్రశ్నకు ఆ రెండింటిలో ఏదీ సమాధానం ఇవ్వదు. గత ముప్పై, నలభై ఏళ్ళలో ఈ జిల్లాలో పనులు వ్యవసాయం నుంచి పరిశ్రమకు, పరిశ్రమ నుంచి సేవలకు పాఠ్యపుస్తకాల్లో చెప్పినట్టు వరుసగా తరలిపోలేదని, ఒకే మనిషి ఏడాది ఆ రంగాలన్నింటి మధ్య ముక్కలైందని నా అభిప్రాయం. ఆ అభిప్రాయానికి నన్ను తీసుకువచ్చిన విషయాలను ఇక్కడ వివరంగా రాస్తున్నాను.

రాయగడ 1992 అక్టోబరు 2న అవిభక్త కోరాపుట్ జిల్లా నుంచి విడివడింది. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ప్రత్యేక రాష్ట్రం అయ్యే వరకు ఈ ప్రాంతం మద్రాసు ప్రెసిడెన్సీలోని విశాఖపట్నం జిల్లాలో, జయపూర్ సంస్థానం కింద ఉండేది. రాయపూర్ – విజయనగరం రైలు మార్గం 1931లో పూర్తయిన తరువాత వర్తకులుగా, రైల్వే పనివారుగా, తాపీ మేస్త్రీలుగా, ఉపాధ్యాయులుగా ఎన్నో తెలుగు కుటుంబాలు పట్టాలను అనుసరించి పైకి వచ్చాయి. అంతకుముందే గ్రామాల్లో స్థిరపడిన తెలుగు రైతులు, కులవృత్తుల వారు సరేసరి. 2011 జనాభా లెక్కల ప్రకారం జిల్లాలో సుమారు 9 లక్షల 68 వేల మంది ఉన్నారు. వారిలో 56 శాతం ఆదివాసులు. పట్టణాల్లో ఉన్నవారు నూటికి సుమారు 15 మంది మాత్రమే. అంటే ఈ జిల్లాలో ఉపాధి గురించి మాట్లాడేవారు ముందుగా కొండ మీది కోదు, సవర ఆదివాసుల గ్రామాల గురించి, ఆ తరువాతనే రాయగడ, గుణుపూర్ పట్టణాల గురించి మాట్లాడవలసి ఉంటుంది. పట్టణంలో ఉండే మాబోటి వారు ఈ క్రమాన్ని తలకిందులు చేయడం సహజమే గాని, సరైనది కాదు.

లెక్కల విషయం ముందు చెప్పాలి, ఎందుకంటే మార్పు జరిగిందా లేదా అన్నది మనం ఏ గీటుతో కొలుస్తున్నామన్న దాని మీద ఆధారపడి ఉంది. 1991 జనాభా లెక్కలు పనివారిని తొమ్మిది వర్గాలుగా చూపించేవి: సొంత సాగు చేసేవారు, వ్యవసాయ కూలీలు, పశుపోషణ – అడవి – చేపలు – తోటల పనివారు, గనులు, తయారీ, నిర్మాణం, వ్యాపారం, రవాణా, ఇతర సేవలు. 2001 నుంచి ప్రాథమిక పట్టికలు నాలుగింటితో సరిపెట్టుకున్నాయి: సాగుదారులు, వ్యవసాయ కూలీలు, కుటుంబ పరిశ్రమ, ఇతరులు. ఈ 'ఇతరులు' అన్న గడిలో కలెక్టరు కార్యాలయపు గుమస్తా, అల్యూమినా కర్మాగారపు ఇంజనీరు, రైల్వే గ్యాంగ్‌మన్, ఆటో తోలే కుర్రవాడు, కొత్త ఇంటికి ఇటుకలు మోసే స్త్రీ అందరూ కలిసిపోతారు. ఆ గడిలో సంఖ్య పెరిగిందని చూసి జిల్లా పారిశ్రామికమైందని ఒకరు, సేవారంగం ఎదిగిందని మరొకరు చెప్పగలరు. వివరమైన పట్టికలు ఆలస్యంగా వచ్చినా వాటిని తెరిచి చూసేవారు తక్కువ. పత్రికల్లోకి, ప్రసంగాల్లోకి ఎక్కేవి ఈ నాలుగు గడులే.

దీనికి తోడు ముఖ్య పనివారు, ఉపాంత పనివారు అన్న విభజన ఉంది. ఏడాదిలో ఆరు నెలలు లేదా అంతకు మించి పని చేసినవారిని మొదటి కోవలో, అంతకు తక్కువ చేసినవారిని రెండవ కోవలో వేస్తారు. 2011లో దేశం మొత్తం మీద పనివారిలో నాలుగోవంతు మంది ఉపాంత పనివారు కాగా, ఒడిశాలో వారు 39 శాతం. రాష్ట్రంలో ప్రతి పదిమంది పనివారిలో దాదాపు నలుగురికి ఆరు నెలల పని కూడా దొరకలేదన్న మాట. నా దృష్టిలో రంగాల వారీ పట్టిక కంటే ఈ ఒక్క అంకె ఎక్కువ విషయం చెబుతుంది. ఒక మనిషి ఏ రంగంలో ఉన్నాడన్న దాని కంటే ఆ రంగం అతనికి ఎన్ని నెలలు అన్నం పెడుతోందన్నది మా జిల్లాలో పెద్ద ప్రశ్న. ఇకపై రాసేదంతా ఆ నెలల లెక్కతోనే రాస్తాను.

పరిశ్రమ ఇక్కడికి కొత్తగా వచ్చిందనుకోవడం పొరపాటు. రాయగడలో చక్కెర మిల్లు స్వాతంత్ర్యానికి ముందే ఉండేది. జయపూర్ షుగర్ కంపెనీ నడిపిన ఆ మిల్లు చుట్టుపక్కల చెరకు సాగును పెంచింది, ఆ తరువాత మూతపడింది. 1962లో స్ట్రా ప్రొడక్ట్స్ పేరుతో జేకేపూర్‌లో కాగితం మిల్లు మొదలైంది. ఈనాటి జేకే పేపర్ అదే. 1961లో స్థాపితమైన ఇండియన్ మెటల్స్ అండ్ ఫెర్రో అల్లాయ్స్ సంస్థ ఆ దశాబ్దంలోనే తేరుబలిలో కొలుములు వెలిగించింది. అంటే ఒక మారుమూల కొండ ప్రాంతంలో ఆరు దశాబ్దాల క్రితమే రెండు పెద్ద కర్మాగారాలు నిలబడ్డాయి. ఆ తరంలో మిల్లులో చేరినవారికి పర్మినెంటు ఉద్యోగం, క్వార్టరు, పిల్లలకు బడి, ప్రావిడెంటు ఫండు ఉండేవి. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల నుంచి వచ్చిన ఫిట్టర్లు, వెల్డర్లు, గుమస్తాలు ఆ జీతాలతోనే ఇక్కడ ఇళ్ళు కట్టుకున్నారు. మిల్లులో ఒక పర్మినెంటు ఉద్యోగం ఉన్న కుటుంబం కనీసం రెండు తరాలు నిలదొక్కుకున్నదని మా వీధుల్లో ఎవరిని అడిగినా చెబుతారు. ఆ ఉద్యోగాల్లో కొండ మీది గ్రామాల వారికి దక్కిన వాటా ఎంత అన్న ప్రశ్న ఆనాడే అడగవలసింది. చదువు లేకపోవడం అనే కారణం చూపి ఆ ప్రశ్నను ఎప్పటికప్పుడు వాయిదా వేశాం.

అయితే కాగితం మిల్లు ఇచ్చిన ఉపాధిలో ఎక్కువ భాగం గేటు లోపల లేదు, అడవిలో ఉంది. తొలినాళ్ళ ముడిసరుకు వెదురు. వానాకాలంలో కొత్త కొమ్ములు పుట్టే సమయంలో కోత ఆపి, వానలు వెలిశాక మొదలుపెట్టి ఎండలు ముదిరేవరకు వెదురు నరికేవారు. నరికేవారు, కట్టలు కట్టేవారు, కొండ దింపి డిపో చేర్చేవారు, లారీలకు ఎత్తేవారు — వరి కోతలు ముగిసి చేతిలో పని లేని నెలల్లోనే ఈ పని దొరకడం వల్ల, అది పోడు సాగుతో పోటీ పడకుండా దానికి కొనసాగింపుగా ఉండేది. ఆ కూలీలకు న్యాయమైన కూలి దక్కిందని నేను అనను. మధ్యలో కంట్రాక్టరు, అతని మేస్త్రీ, అడవి సిబ్బంది అందరూ ఉన్నారు. కాని సంవత్సరంలో కొన్ని నెలల నగదు ఇంటి ఊరి నుంచి కదలకుండానే వచ్చేది.

1988 జాతీయ అటవీ విధానం ఈ ఏర్పాటును మార్చింది. అడవి ఆధారిత పరిశ్రమలు తమ ముడిసరుకును సహజమైన అడవి నుంచి కాక, రైతులతో నేరుగా సంబంధం పెట్టుకొని వారి భూముల్లో పెంచుకోవాలని ఆ విధానం చెప్పింది. అడవిని కాపాడే దృష్టితో చూస్తే అది సరైన నిర్ణయమే, దానిని నేను మనస్ఫూర్తిగా సమర్థిస్తాను. 1990ల నుంచి మిల్లు మొక్కలను సరఫరా చేయడం, రైతులు జామాయిల్, సుబాబుల్, సరుగుడు వేయడం సరిహద్దుకు ఇరువైపులా పెరిగింది. మా వైపు మెట్ట భూముల్లో జామాయిల్, కోస్తా ఇసుక నేలల్లో సరుగుడు బాగా వ్యాపించాయి. భూమి ఉన్నవారికి, ముఖ్యంగా పట్టణంలో ఉంటూ ఊళ్ళో పొలం ఉన్నవారికి ఇది సౌకర్యమైన పంట. నాటిన తరువాత మొదటి ఒకటి రెండేళ్ళు కలుపు తీస్తే చాలు, నాలుగైదేళ్ళకు కోతకు వస్తుంది, మోడు నుంచి మళ్ళీ చిగురిస్తుంది.

ఆ సౌకర్యమంతా కూలి పని తగ్గడం వల్ల వచ్చిందే. అదే చెక్కలో చోళ్ళు (రాగులు), సామలు, కంది వేసిన రోజుల్లో దుక్కి, విత్తనం, రెండు మూడు కలుపులు, కోత, నూర్పు అంటూ ఏటా ఆడవారికి ఎన్నో వారాల పని ఉండేది. జామాయిల్ తోటలో పని నాటే రోజున, నరికే రోజున గుమిగూడి ఉంటుంది. నరకడం, బెరడు ఒలవడం, లారీకి ఎత్తడం కంట్రాక్టరు తెచ్చే మగవారి ముఠా చేస్తుంది. ఈ విధంగా ఒక కర్మాగారం తన ముడిసరుకును మార్చుకున్నప్పుడు అడవిలో కొండవాళ్ళ వేసవి పని, మెట్టలో ఆడవారి వానాకాలపు పని రెండూ తగ్గాయి. కర్మాగారంలో కాగితం ఉత్పత్తి పెరుగుతూనే ఉంది. రంగాల వారీ పట్టికలో ఈ నష్టం ఎక్కడా కనిపించదు, ఎందుకంటే వెదురు నరికిన మనిషిని ఏ పట్టికా కాగితం పరిశ్రమ పనివాడిగా రాయలేదు.

కర్మాగారాల గేటు లోపల జరిగిన మార్పు దేశమంతటా జరిగినదే. 1970 నాటి కంట్రాక్టు కార్మికుల చట్టం శాశ్వత స్వభావం ఉన్న పనుల్లో కంట్రాక్టు పద్ధతిని నియంత్రించడానికి, వీలైన చోట రద్దు చేయడానికి ఉద్దేశించినది. అయినా దేశంలోని సంఘటిత కర్మాగారాల కార్మికుల్లో కంట్రాక్టు వారి వాటా 2000–01లో 20 శాతం దగ్గర ఉండగా, 2022–23 నాటికి 40 శాతం దాటిందని పరిశ్రమల వార్షిక సర్వే చెబుతోంది. అంటే రెండు దశాబ్దాల్లో వాటా రెండింతలైంది. ఒకే యంత్రం దగ్గర, ఒకే షిఫ్టులో పక్కపక్కన నిలబడిన ఇద్దరిలో ఒకరికి పర్మినెంటు చిట్టాలో పేరు, మరొకరికి కంట్రాక్టరు ఇచ్చే గేటు పాసు ఉండటం నేటి పారిశ్రామిక ప్రాంతాలన్నింటిలో మామూలు దృశ్యం. కంట్రాక్టు మారితే పాసు మారుతుంది, పాసు మారే మధ్యకాలంలో పని ఆగుతుంది. తండ్రి పన్నెండు నెలలు చేసిన పనినే కొడుకు ఎనిమిది, తొమ్మిది నెలలు చేసి, మిగతా నెలలు మరొకచోట వెతుక్కోవలసి వస్తే, ఆ కుటుంబం పరిశ్రమ రంగంలోనే ఉందని రాసుకోవడంలో అర్థం లేదు.

మా జిల్లాలోని కాశీపూర్ బ్లాకు సంగతి మరింత లోతైనది. దొరగుడలోని ఉత్కళ్ అల్యూమినా సంస్థ 1993లో ఏర్పడింది. మొదట దేశ విదేశాల సంస్థల ఉమ్మడి ప్రయత్నంగా మొదలై, భాగస్వాములు ఒకరి తరువాత ఒకరు తప్పుకోగా చివరకు హిందాల్కో చేతికి వచ్చింది. బాఫ్లిమాలి కొండ మీది బాక్సైట్‌ను, అంటే అల్యూమినా తీసే ఖనిజాన్ని, తవ్వడానికి వ్యతిరేకంగా ఆదివాసులు చేసిన పోరాటంలో 2000 డిసెంబరు 16న మైకంచ్ గ్రామంలో పోలీసు కాల్పులు జరిగి ముగ్గురు చనిపోయారు. ఉత్పత్తి 2013లో మొదలైంది. సంస్థ పుట్టుకకు, ఉత్పత్తికి మధ్య ఇరవై ఏళ్ళు గడిచాయి. ఈ ఇరవై ఏళ్ళను ఉపాధి దృష్టితో ఎవరూ చూడలేదు. భూమి పోతుందో ఉంటుందో తెలియని రైతు కొత్తగా గట్టు వేయడు, చెట్టు నాటడు. ఉద్యోగం వస్తుందన్న ఆశతో ఐటీఐ చదివిన కుర్రవాడికి ఆ ఉద్యోగం వచ్చే నాటికి వయసు దాటిపోతుంది.

నిర్మాణం సాగిన కాలంలో పని పుష్కలంగా దొరికింది. మట్టి పని, కాంక్రీటు, ఇనుప చట్రాలు, వెల్డింగు, వంటశాలలు, అద్దె జీపులు, లాడ్జీలు — కాశీపూర్, టికిరి వైపు రోడ్ల మీద అంత సందడి అంతకుముందు ఎవరూ చూడలేదు. రిఫైనరీ పూర్తయిన రోజున ఆ పనిలో ఎక్కువ భాగం కూడా పూర్తయింది. ఏటా 15 లక్షల టన్నుల సామర్థ్యంతో మొదలై ఆ తరువాత ఇంకా విస్తరించిన ఈ కర్మాగారానికి కావలసింది కంట్రోల్ రూములో కూర్చునే శిక్షణ పొందిన మనుషులు, నిర్వహణ సిబ్బంది, వారికి తోడు కంట్రాక్టు కార్మికులు. గని నుంచి రిఫైనరీకి బాక్సైట్ పొడవైన కన్వేయరు బెల్టు మీద వస్తుంది. దాని వల్ల దుమ్ము తగ్గింది, ప్రమాదాలు తగ్గాయి, అది మంచిదే. అదే సమయంలో లారీ డ్రైవర్లు, క్లీనర్లు, టైరు పంక్చరు దుకాణాలు, దాబాలు అనే గొలుసు పుట్టనే లేదు. తయారైన అల్యూమినాను కరిగించి అల్యూమినియం చేసే స్మెల్టర్లు జిల్లా బయట ఉన్నాయి కాబట్టి తరువాతి అంచె పనులు కూడా ఇక్కడికి రావు. తేరుబలికి క్రోమ్ ఖనిజం దూరాన ఉన్న సుకిందా లోయ నుంచి వస్తుంది. ఒకచోట ముడిసరుకు మాది, చివరి సరుకు మరొకరిది. మరొకచోట ముడిసరుకు కూడా మాది కాదు. ఇటువంటి పరిశ్రమ చుట్టూ చిన్న పరిశ్రమలు పుట్టకపోవడం ఆశ్చర్యం కాదు.

నియమగిరి కొండల మీద తలపెట్టిన బాక్సైట్ గని గురించి ఈ వరుసలోనే చెప్పాలి, ఎందుకంటే దానిని చాలామంది ఉపాధిని కాదనుకున్న ఉదంతంగా చెబుతారు. 2013 ఏప్రిల్ 18న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు మేరకు ఆ ఏడాది జూలై, ఆగస్టు నెలల్లో రాయగడ జిల్లాలో ఏడు, కలహండి జిల్లాలో ఐదు గ్రామసభలు జరిగాయి. పన్నెండు గ్రామాలూ గనిని తిరస్కరించాయి. వారు ఉద్యోగాన్ని తిరస్కరించారని రాసినవారు బుధవారం నాటి చాటికోన సంతకు ఒక్కసారి వచ్చి చూడవలసింది. ఆ కొండల మీద ఉండే డొంగరియా కోదులు తెల్లవారకముందే కొండ దిగి పసుపు, అనాస, అరటి, పనస, నారింజ, చింతపండు, కొండచీపుర్లు, అడ్డాకులు తెస్తారు. ఒక్కొక్క సరుకుకు ఒక్కొక్క కాలం ఉంది; పోడులో కలిపి వేసే చోళ్ళు, జొన్న, కంది, అలసందలకు మరొక క్రమం ఉంది. నెలల లెక్క వేస్తే ఈ కొండ ఏడాది పొడవునా పని ఇస్తున్న యజమాని. ఈ జిల్లాలో పన్నెండు నెలలూ సొంత ఊరిలో పని దొరికేవారు రెండు రకాలే కనిపిస్తారు: పర్మినెంటు జీతగాళ్ళు ఒకరు, నీరు, అడవి నిలిచి ఉన్న కొండల మీది సాగుదారులు మరొకరు. రెండవవారికి చేతిలో నగదు తక్కువ, వైద్యం దూరం, దళారీ పెట్టిన ధరే ధర. ఆ కష్టాలు నిజమైనవి. వాటికి పరిష్కారం సంతలో సరైన తూకం, నిలవచేసుకునే గోదాము, కొండ వరకు వచ్చే నర్సు అని నేను నమ్ముతాను. 2023లో సిజిమాలి బాక్సైట్ గనిని వేలం వేసిన తరువాత ఇదే చర్చ కాశీపూర్ వైపు మళ్ళీ మొదలైంది కాబట్టి ఈ మాట గట్టిగా చెబుతున్నాను.

మైదానపు వ్యవసాయంలో పెద్ద మార్పు పత్తి. గుణుపూర్, పద్మపూర్, రామనగుడ, బిస్సంకటక్ బ్లాకుల్లో చోడి, కంది ఉన్న మెట్ట చెక్కలు పత్తి చేలయ్యాయి. పత్తి చేతితో తీయవలసిన పంట కనుక తొలినాళ్ళలో ఆడవారికి పని పెంచింది: రెండు మూడు కలుపులు, రెండు మూడు తీతలు, ఆ తరువాత దూది నుంచి గింజ వేరుచేసే జిన్నింగ్ మిల్లులో కొన్ని నెలలు. ఆ తరువాత కలుపు మందును తట్టుకునే విత్తనం, ప్రభుత్వ అనుమతి లేకుండానే, వ్యాపారుల ద్వారా కొండ అంచు గ్రామాల వరకు చేరింది. మందు కొడితే కలుపు కూలి మిగులుతుంది. ఆ మిగులు రైతుకు లాభం, కూలికి నష్టం. రైతు, కూలి ఒకే ఇంటివారై ఉండే చిన్న కమతాల్లో చేతికి వచ్చే కూలి తగ్గి, దుకాణంలో మందు అప్పు పెరిగింది. పైగా ఆ చేలో కందిగాని, ఆకుకూరగాని కలిపి వేసుకునే వీలు పోయింది. 2017లో ఒడిశా ప్రభుత్వం ఏడు జిల్లాల్లో ప్రారంభించిన చిరుధాన్యాల మిషన్‌లో రాయగడ కూడా ఉండటం, చోళ్ళకు కొనుగోలు కేంద్రాలు రావడం ఇందుకు ఎదురుగా జరిగిన మంచి పని. దానిని ఇంకా విస్తరించాలి.

దేశం మొత్తం మీద 2001లో 12.73 కోట్లుగా ఉన్న సాగుదారులు 2011 నాటికి 11.88 కోట్లకు తగ్గి, వ్యవసాయ కూలీలు 10.68 కోట్ల నుంచి 14.43 కోట్లకు పెరిగారు. స్వతంత్ర భారతంలో కూలీలు రైతులను మించిన మొదటి జనాభా లెక్కలు అవే. మా జిల్లాలో ఆ ధోరణి కళ్ళకు కట్టినట్టు కనిపిస్తుంది. భూమి పంపకాల్లో చిన్నదైంది, కొంత కౌలుకు పోయింది, కొంత జామాయిల్ కింద ఉండిపోయింది, కొంత ప్రాజెక్టుల కింద పోయింది. పట్టా ఉన్నా పంట లేని మనిషి కూలీ అయ్యాడు. కూలి కూడా ఊళ్ళో నాలుగు నెలలకు మించనప్పుడు రైలెక్కాడు.

వలస ఈ ప్రాంతానికి కొత్త కాదు. ముందుగా బయానా ఇచ్చి మనిషిని కట్టిపడేసే దాదన్ పద్ధతిని నియంత్రించడానికి ఒడిశా 1975లోనే ఒక చట్టం చేసింది, 1979లో దాని స్థానంలో అంతర్రాష్ట్ర వలస కార్మికుల చట్టాన్ని పార్లమెంటు చేసింది. వలసలో మారింది దూరం, వయసు. వెనకటి తరం వరి కోతలకు, మట్టి పనులకు పార్వతీపురం, బొబ్బిలి, శ్రీకాకుళం వైపు దిగివెళ్ళి పండగకు తిరిగి వచ్చేవారు. ఇప్పటి యువకులు ధన్‌బాద్ నుంచి అలెప్పీ వెళ్ళే రైలును రాయగడలో ఎక్కి నేరుగా కేరళలో దిగుతున్నారు. పెరుంబావూరు ప్లైవుడ్ మిల్లులు, ఎర్నాకుళం భవన నిర్మాణాలు, హోటళ్ళు వారి పని చోట్లు. చదువుకున్న ఆడపిల్లలు నైపుణ్య శిక్షణ కేంద్రాల ద్వారా తిరుప్పూరు దుస్తుల మిల్లులకు వెళుతున్నారు. వారిలో కొందరు హాస్టలు జీవితం, సుదీర్ఘమైన షిఫ్టు భరించలేక ఏడాది తిరగకముందే ఇంటికి వస్తున్నారు. వారు పంపే డబ్బుతో ఊళ్ళో రేకుల కప్పు స్లాబు అవుతోంది, ఆ స్లాబు వేసే మేస్త్రీకి, ఇసుక తోలే ట్రాక్టరుకు పని దొరుకుతోంది. జిల్లాలో నిర్మాణ రంగం పెరిగిందని సంతోషించేవారు, ఆ పెరుగుదలకు పునాది కేరళలో పడుతున్న చెమటలో ఉందని గుర్తించాలి.

2006 ఫిబ్రవరిలో ఉపాధి హామీ పథకం మొదలైన మొదటి విడత జిల్లాల్లో రాయగడ ఉంది. ఏడాదికి వంద రోజుల పని చట్టం చెప్పిన మాట. ఊళ్ళలో దొరికింది అంతకంటే తక్కువ, డబ్బు పడటం అంతకంటే ఆలస్యం. అయినా చెరువు పనులు సాగిన వేసవుల్లో ముసలివారు, పసిబిడ్డల తల్లులు ఊరు విడవకుండా ఉండగలిగారు. వలస వెళ్ళలేని వారికి ఆ పథకం ఇచ్చిన ఆసరాను తక్కువ చేసి మాట్లాడటం నాకు న్యాయంగా తోచదు.

పట్టణాల్లో సేవల సంగతి కొంత ఆశాజనకంగా ఉంది. 1954లో డేనిష్ వైద్యురాలు లిస్ మాడ్సెన్ స్థాపించిన బిస్సంకటక్ క్రైస్తవ ఆసుపత్రి, నర్సింగు శిక్షణ ద్వారా స్థానిక ఆడపిల్లలకు దశాబ్దాలుగా గౌరవమైన వృత్తిని ఇస్తోంది. గుణుపూర్‌లో 1997లో మొదలైన ఇంజనీరింగు కళాశాల ఇప్పుడు విశ్వవిద్యాలయం. దాని చుట్టూ అద్దె గదులు, మెస్సులు, జిరాక్సు దుకాణాలు వెలిసి ఒక వీధి జీవనాధారమైంది. రాయగడ రైల్వే డివిజన్‌ను 2019 ఫిబ్రవరిలో ప్రకటించి, 2025 జనవరి 6న దాని భవనానికి శంకుస్థాపన చేశారు. డివిజన్ కార్యాలయం వస్తే జీతగాళ్ళు, వారి ఇళ్ళు, బడులు, దుకాణాలు వస్తాయని పట్టణం ఆశగా ఎదురుచూస్తోంది. రైల్వే ఉద్యోగాలు దేశవ్యాప్త పరీక్షల ద్వారా భర్తీ అవుతాయి కాబట్టి, ఆ పరీక్షకు కాశీపూర్ పిల్లవాడిని సిద్ధం చేసే శిక్షణ ఇప్పుడే మొదలుపెట్టకపోతే డివిజన్ వచ్చినా అతను దాని గేటు బయట టీ అమ్మవలసిందే. మా తెలుగు పిల్లల విషయం వేరు. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, కళాశాలలో ఇంగ్లీషు చదివినవారు విశాఖపట్నం, హైదరాబాదు వైపే చూస్తున్నారు. మిల్లు గేటు దగ్గర తండ్రి స్థానం కోసం నిలబడిన తరం ముగిసిపోయింది.

కరోనా ఏడాది ఈ మొత్తం నిర్మాణాన్ని ఒకసారి విప్పి చూపింది. దేశంలో వ్యవసాయం మీద ఆధారపడిన పనివారి వాటా 2018–19లో 42.5 శాతం ఉండగా 2019–20లో 45.6 శాతానికి పెరిగిందని కాలానుగత శ్రామిక సర్వే తెలిపింది. 2023–24లో కూడా అది 46 శాతం దగ్గరే ఉంది. పట్టణంలో పని పోయినవారిని మళ్ళీ చేర్చుకున్నది ఊరు, పొలం. ఆ వేసవిలో కాలినడకన, లారీల మీద తిరిగి వచ్చినవారికి మా కొండ గ్రామాలు ముందుగా పెట్టింది చోడి అంబలే. అటువంటి ఆసరా ఉన్న భూమిని, అడవిని ఉత్పాదకత లేని రంగమని పట్టికలో చివరికి నెట్టడం నాకు సమ్మతం కాదు.

ఇన్నాళ్ళూ ఆ శ్రామిక సర్వే నమూనాలు జిల్లా స్థాయి లెక్కలకు సరిపోయేవి కావు. 2025 జనవరి నుంచి జిల్లాను ప్రాథమిక ప్రమాణంగా తీసుకొని నమూనాలను మార్చారు. ఇది చాలా అవసరమైన మార్పు. దానితో పాటు 2027 జనాభా లెక్కలు వస్తున్నాయి. వాటిలో మనుషుల లెక్క ఫిబ్రవరిలో జరుగుతుంది, 2011లో కూడా ఫిబ్రవరిలోనే జరిగింది. మా జిల్లాకు ఫిబ్రవరి వలస నెల. లెక్క జరిగిన రోజులన్నీ ఊళ్ళో లేనివారిని వారు ఉన్నచోటనే రాసుకుంటారు. అప్పుడు కాశీపూర్ కుర్రవాడు ఎర్నాకుళం జిల్లా అంకెల్లో చేరిపోతాడు, ఇక్కడి పట్టికలో ముసలివారు, పిల్లలు, సాగుదారులు మిగులుతారు. ఈ లోటును పూడ్చాలంటే పంచాయతీలు తమ గ్రామం నుంచి ఎవరు, ఏ నెలలో, ఏ పనికి వెళ్ళారో రాసుకునే వలస రిజిస్టరును సక్రమంగా నిర్వహించి, ఆ వివరాలను బ్లాకు స్థాయిలో కలిపి ప్రకటించాలి. మా పదకొండు బ్లాకుల్లో ఒక్క బ్లాకు ఈ పని నిజాయతీగా చేసి చూపినా మిగతావాటికి దారి దొరుకుతుంది.

లెక్కలవారు ఇంటికి వచ్చినప్పుడు మనం చెప్పే సమాధానం కూడా ముఖ్యమే. జనాభా లెక్కల నిర్వచనం ప్రకారం కుటుంబ పొలంలో, కుటుంబ దుకాణంలో కూలి లేకుండా చేసే పని కూడా పనే. అయినా మా ఊళ్ళలో మగవాడు బయటకు వచ్చి తన పని చెప్పి, భార్య గురించి అడిగితే ఇంట్లోనే ఉంటుందని చెబుతాడు. ఆమె ఆ ఉదయమే పత్తి తీసి వచ్చి ఉంటుంది, వేసవిలో అడ్డాకులు కుట్టి సంతలో అమ్మి ఉంటుంది, పొదుపు సంఘం తరఫున బడిలో వంట చేస్తూ ఉంటుంది. ఉపాధ్యాయులే ఎక్కువగా లెక్కల పనికి వస్తారు కనుక, తెలుగు, ఒడియా, కోదుల భాష కుయి మాట్లాడే ఉపాధ్యాయ మిత్రులందరికీ నా విన్నపం ఒకటే: గడప దగ్గర మొదటి సమాధానంతో ఆగిపోకుండా, గత ఏడాది సంక్రాంతి నుంచి మొదలుపెట్టి నెల నెలకు ఏ పని చేశారో ఇంట్లో ప్రతి ఒక్కరినీ, ముఖ్యంగా ఆడవారిని నేరుగా అడగండి, మీ ఫారంలో ఒకే పనికి గడి ఉన్నా మిగతా పనులను కూడా విని, వాటిలో ఎక్కువ నెలలు చేసినదానినే రాయండి.